ఉద్యోగం పోవడంలోనూ బావే ముందు

మా బావ నాకంటే కొన్ని నెలలు ముందు పుట్టాడు. నాకంటే ముందుండడం అప్పుడే మొదలుపెట్టాడు, ఇప్పటికీ మానలేదు. మా మేనత్త కొడుకు. పెర్కిట్‌లో వాళ్లిల్లూ మా ఇల్లూ వీపులు ఆనించుకుని ఉంటాయి. వాళ్లు పోపు వేస్తే మేం తుమ్ముతాం. ఒకే బడి, ఆర్మూరులో ఒకే కాలేజీ, చివరికి ఒకే కంపెనీలో ఒకే ఉద్యోగం. తేడాలన్నీ చిన్న చిన్న వాటిల్లోనే. అసూయపడేవాడికి కష్టం అక్కడే. ఎవరి మేడనో చూసి కుళ్లుకుంటే జనం అర్థం చేసుకుంటారు. బావ జుట్టు చూసి కుళ్లుకుంటే ఎవరితో చెప్పుకోవాలి?

మా అమ్మ ఈ విషయంలో తన వంతు సాయం చేసింది. "మీ బావను జూసి నేర్సుకోరా. గాయన పండుకున్నా పద్ధతిగ పండుకుంటడు" అనేది. నిద్రపోవడానికి కూడా ఇంకొకరిని చూసి నేర్చుకోవాల్సిన ఇల్లు మాది.

మా కంపెనీ రైతుల దగ్గర పసుపు కొని, పొడి చేసి, ప్యాకెట్లలో అమ్మేది. హెడ్డాఫీసు హైదరాబాద్‌లో. దానికంటే పెద్దది ఇంకెక్కడో ఉందనేవారు, ఎక్కడో చెప్పేవారు కాదు. మా బ్రాంచి పెర్కిట్ రోడ్డు మీద, ట్రాక్టర్ సామాన్ల దుకాణం పైన. ఏసీ ఒకటే, అది నిజామాబాద్ నుంచి వచ్చే బ్రాంచి సారు గదిలో. మిగతా జాగాలో నేనూ బావా, రెండు కుర్చీలు, గోడ మీద ఒక పటం. ఆ పటంలో కొందరు చేతులు పట్టుకుని నవ్వుతుంటారు, కింద 'మనమంతా ఒకే కుటుంబం' అని ఉంటుంది. మా కుటుంబాల్లో ఎవరూ అలా చేతులు పట్టుకుని నవ్వరు. కానీ ఎవరినైనా ఇంట్లోంచి వెళ్లగొట్టాలంటే ఎదురుగా నిలబడి, పేరు పెట్టి తిట్టి వెళ్లగొడతారు. తేడా నాకు తర్వాత తెలిసింది.

పని ఒకటే అయినా బావకు కంపెనీ సెల్లు ఇచ్చారు, నాకు ఇవ్వలేదు. ఎందుకని సారును అడిగాను. పై నుంచి ఒకటే వచ్చిందన్నాడు. ఇద్దరి మెడల్లో రిబ్బన్లున్నాయి, రిబ్బన్లకు ఫోటో కార్డులున్నాయి. బావ ఫోటో బాగా వచ్చింది.

అంతకుముందు సీజన్లో హైదరాబాద్ నుంచి ఒక పెద్ద సారు ఆర్మూరు మార్కెట్ యార్డు చూడటానికి వచ్చాడు. నల్ల కళ్లద్దాలు, మెరిసే బూట్లు. ఫోటో కోసమని చెప్పి ఒక రైతు పసుపు కుప్ప మీదికి బూట్లతోనే ఎక్కాడు. మా దగ్గర పసుపు మీద చెప్పుకాలు పెట్టరు. హమాలీలు కూడా కుప్ప దగ్గరికి రాగానే చెప్పులు పక్కన విడిచేస్తారు, అది ఎవరూ ఎవరికీ చెప్పే సంగతి కాదు. రైతు మొహం మాడిపోయింది. అందరం చూస్తున్నాం, ఎవరం నోరెత్తలేదు. బావ ముందుకెళ్లి, "సార్, జర బూట్లు ఇడ్వుండ్రి. ఇది మొహానికి పూసుకునేది" అన్నాడు. అయిపోయింది, ఇక రెండు కుర్చీలూ నావే అనుకున్నాను. పెద్ద సారు దిగాడు, బూట్లు విప్పాడు, మళ్లీ ఎక్కి ఫోటో దిగాడు, కిందికొచ్చి బావ భుజం తట్టాడు. అప్పటి నుంచీ ఆ యార్డులో రైతులకు కంపెనీ అంటే బావే. నేను బావతో పాటు వచ్చేవాడిని.

రెండువేల తొమ్మిది మొదట్లో మాటలు మొదలయ్యాయి. అమెరికాలో ఏవో బ్యాంకులు మునిగాయట. అక్కడ బ్యాంకు మునిగితే పెర్కిట్‌లో కుర్చీ ఎందుకు కదలాలో నాకు అర్థం కాలేదు. మేం ఆ బ్యాంకులో ఖాతా కూడా తెరవలేదు. ఒకరోజు బ్రాంచి సారు మా ఇద్దరినీ ఏసీ గదిలోకి పిలిచాడు. మామూలుగా పిలవడు, చల్లదనం బయటికి పోతుందని.

"ఇకమీద బ్రాంచికి ఒక్కరే ఉండాలంటున్నారయ్యా" అన్నాడు.

"ఎవరన్నరు సార్?" అన్నాను.

"మేనేజ్‌మెంటు."

"అంటే ఎవరు సార్?"

సారు కిటికీ వైపు చూశాడు. అక్కడ హైవే మీద లారీ పోతోంది. "అలా అడగకూడదయ్యా" అన్నాడు.

అప్పటి నుంచి నాకు మేనేజ్‌మెంటు అంటే వాన లాంటిదని స్థిరపడింది. పడుతుంది, లేదా పడదు. 'వాన నిర్ణయించింది' అంటే ఎవరూ నిలదీయలేరు.

ఇద్దరిలో ఒకరు. బావ భార్యను నేను అక్కా అంటాను. ఆమెకు నెలలు నిండుతున్నాయి. నాకేమో జక్రాన్‌పల్లి నుంచి ఒక సంబంధం వచ్చి, పిల్లాడు కంపెనీలో చేస్తున్నాడని విని కూర్చుంది. ఎవరి కుర్చీ పోయినా ఒక ఇంట్లో ఖాళీ గిన్నెలు చప్పుడవుతాయి. అయినా మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. నేను ఎప్పుడూ లేనంత పొద్దున్నే ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాను. పోయేసరికి బావ ఉండేవాడు. ఇంకా పొద్దున్నే పోయాను. బావ అప్పటికే టీ తాగేసి ఉండేవాడు. ఇక దుకాణం మెట్ల మీదే పడుకోవాలి, అక్కడా పద్ధతిగా పడుకోవడం నాకు రాదు.

సీజన్ మంచి ఊపు మీదున్న రోజు అది జరిగింది. ఆ రోజు నిజంగానే నేనే ముందొచ్చాను. అక్కను దవాఖానలో చూపించి వస్తానని బావ చెప్పాడు. బ్రాంచి సారుకు కడుపునొప్పి, సెలవు. కడుపునొప్పికి ఆ ఉదయం ఏం జరగబోతోందో ముందే తెలుసని నా అనుమానం.

ఆఫీసు ఫోను మోగింది. ఒక మేడమ్ గొంతు, వెనకాల ఇంకో రెండు మూడు మగ గొంతులు, వాటి వెనకాల పెద్ద ఏసీ చప్పుడు.

"మీ బ్రాంచిలో ఒక పొజిషన్ తగ్గిస్తున్నామండీ" అంది మేడమ్.

నేను కుర్చీ పట్టుకున్నాను. పోతే కనీసం పట్టుకుని ఉండగా పోనీ అని.

ఆమె బావ పేరు చెప్పింది.

మొదట ఊపిరి వచ్చింది. ఆ తర్వాత వచ్చింది అసూయే, అబద్ధం ఎందుకు. హైదరాబాద్‌లో నలుగురు పెద్దవాళ్లు ఏసీ గదిలో కూర్చుని ఒక మనిషి పేరు పలికి, చర్చించి, తీసేశారు. ఆ పేరు బావది. నా పేరు ఎవరి నోటా రాలేదు. నేను మిగిలింది బాగా పనిచేసి కాదు, గుర్తురాక.

"ఎందుకు మేడమ్? ఆయన కొన్న సరుకు ఎప్పుడూ వాపసు రాలేదు" అన్నాను.

"పర్ఫార్మెన్స్ సంగతి కాదండీ. ఇది పై నుంచి."

"పైన ఎవరు మేడమ్?"

"అది ప్రాసెస్ అండీ." కాగితం తిప్పిన చప్పుడైంది. "మీరు బంధువులట కదా. మీరే చెప్పేయండి. మీరైతే సాఫ్ట్‌గా చెప్తారు. కార్డు వాపసు తీసుకోండి. సిమ్ మేం ఆపేస్తాం."

నేను ఇంకేదో అడిగేలోపు ఫోను పెట్టేశారు. కోడలు చేసిన కూరలో ఉప్పెక్కువైందని చెప్పడానికి కూడా మా వాళ్లు ముగ్గురు పెద్దమనుషులను కూర్చోబెడతారు. కంపెనీకి నేనొక్కడినే సరిపోయాను.

బావ మెట్లెక్కి వచ్చాడు. రిబ్బన్ ఎగురుతోంది, మొహం వెలుగుతోంది. దవాఖానలో అంతా మంచిగుందన్నారట. సాఫ్ట్‌గా ఎలా చెప్పాలో ఆలోచించాను. రాలేదు.

"బావా, నీ ఉద్యోగం పోయింది" అన్నాను.

"మంచిగైంది. నీదెప్పుడు?" అన్నాడు, నమూనా సంచి భుజాన వేసుకుంటూ.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు బామ్మర్ది అన్నవాడు బావను ఏడిపించాలి. అది హక్కు అనుకుంటారు కానీ నిజానికి అది పని. ఏడిపించకపోతే 'ఏందిరా, కోపంల ఉన్నవా?' అని అడుగుతారు. ఆ పని మాత్రం నేను బావకంటే బాగా చేసేవాణ్ని. పరీక్ష వాయిదా పడిందని చెప్పి డిగ్రీలో ఒక రోజంతా తిప్పాను. నిశ్చితార్థం పొద్దున, పిల్ల తరఫువాళ్లు మనసు మార్చుకున్నారని చెప్పి స్నానం సగంలో బయటికి రప్పించాను. తువ్వాలతో నిలబడిన బావను చూసి ఊరంతా నవ్వింది. ఆ తర్వాత నేను ఏం చెప్పినా దానికి ఎదురు నమ్మడం బావకు అలవాటైంది. ఆ అలవాటు వల్ల చాలాసార్లు లాభపడ్డాడు కూడా.

"అమ్మతోడు బావా" అన్నాను.

"మీ అమ్మ తోడు నువ్వు వారానికోసారి పెట్టుకుంటవ్. నడువ్, యార్డుల కుప్పలు దిగినయ్."

బండి వెనకాల కూర్చున్నాను. పెర్కిట్ నుంచి ఆర్మూరు దాకా అతని చెవిలో చెబుతూనే ఉన్నాను.

"నిజం బావా. ఫోనొచ్చింది. తీసేసిన్రు."

"ఎవరు తీసేసిన్రు?"

"తెల్వదు."

"ఎందుకు తీసేసిన్రు?"

"గదీ తెల్వదు."

బావ నవ్వు ఆపుకోలేక బండి స్లో చేశాడు. "అబద్ధమాడినా జర తయారై ఆడాలెరా బామ్మర్ది. ఎవరు అంటె తెల్వదు, ఎందుకు అంటె తెల్వదు. గిట్ల చెప్తె ఎవడు నమ్ముతడు?"

ఆ మాట నిజమే. నిశ్చితార్థం అబద్ధానికి పిల్ల మేనమామ పేరు, అతని కోపం, కోపానికి కారణం, అన్నీ అల్లి చెప్పాను. అందుకే నమ్మాడు. ఈసారి నాకు కంపెనీ ఇచ్చిన నిజంలో మనిషి లేడు, కారణం లేదు. అంత నాసిరకం సరుకును నేనైతే ఎప్పుడూ బావకు అమ్మేవాణ్ని కాదు.

యార్డులో కమ్మర్‌పల్లి నుంచి వచ్చిన ఒక రైతు కాకా కుప్ప పోసి కూర్చున్నాడు. మంచి సరుకు. బావ చెప్పులు విడిచి, ఒక కొమ్ము తీసి విరిచి, లోపలి రంగు చూసి, మళ్లీ కుప్పలో వేశాడు. ఇంకో ఇద్దరు ఖరీదుదారులు పోటీకొచ్చారు. ధర పెరిగింది. బావ ఇంకొంచెం పెంచాడు.

"కాకా, గీయన ఉద్యోగం పోయింది. గీయన మాట మీద ఇయ్యకు" అన్నాను.

కాకా నన్ను పైనుంచి కిందికి చూశాడు. "నువ్వు బామ్మర్దివా?" అని అడిగాడు.

"అవును."

"గదే అనుకున్న" అని, బావ చేతిలో చెయ్యి వేశాడు.

మా యార్డులో చెయ్యి కలిస్తే అయిపోయినట్టే. పక్కవాడు ఎక్కువిస్తానన్నా రైతు తిరగడు, ధర పడిపోయినా కొన్నవాడు తిరగడు. తిరిగినవాడి చేతిలో మళ్లీ ఎవరూ చెయ్యి వెయ్యరు.

బావ లారీ కోసం సెల్లు తీశాడు. నొక్కాడు, చెవి దగ్గర పెట్టుకున్నాడు, చూశాడు, మళ్లీ నొక్కాడు. బండి మీద వస్తున్నంతసేపూ ఉన్న నవ్వు మొహం మీద ఇంకా ఉంది కానీ, కిందికి దిగడం మర్చిపోయినవాడిలా ఉంది. మూడోసారి సెల్లు నా చెవి దగ్గర పెట్టాడు. ఈ నంబరు సేవలు నిలిపివేయబడినవి అని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెబుతోంది. కంపెనీలో ఆ రోజు బావతో సూటిగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

"నిజమేనారా?" అన్నాడు మెల్లగా.

"పొద్దుగాలసంది గదే చెప్తున్న గద బావా."

"ఏమైంది సారూ?" అన్నాడు కాకా కింద కూర్చునే.

"ఏం లేదు కాకా. సెల్లు ఖరాబైంది" అన్నాడు బావ. నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "చెయ్యి ఇచ్చిన. ఏదన్న చెయ్యి" అన్నాడు.

జీవితంలో మొదటిసారి బావ నన్ను ఏదో చెయ్యమన్నాడు. సంతోషించే వేళ కాదు కానీ కాస్త సంతోషించాను.

కమీషన్ మీద రైతుల సరుకు అమ్మిపెట్టే అడ్తి దుకాణానికి పోయి హైదరాబాద్‌కు ఫోను చేశాను. తీసేసిన మనిషి తెలియక ఒక కుప్ప కొన్నాడు, తీసుకోవాలా వద్దా అని అడిగాను. మేడమ్, అది కొనుగోలు విభాగం చెప్పాలంది. కొనుగోలాయన, మనిషి సంగతి కదా, అది మేడమ్ చెప్పాలన్నాడు. "పోనీ వద్దని చెప్పుండ్రి సార్, రైతుకు మీ పేరు చెప్తా" అన్నాను. ఆయన వెంటనే, తాను వద్దని అనలేదన్నాడు. అయితే తీసుకోమంటారా అంటే, అలా కూడా అనలేదన్నాడు. ఇంకెవరికో కలిపాడు. ఆ ఇంకెవరో మీటింగులో ఉన్నాడు. మళ్లీ మేడమ్ దగ్గరికే వచ్చాను. "అక్కడి పరిస్థితిని బట్టి మీరే చూసుకోండి" అంది. బావను తీసేయడానికి పేరు లేని చేతులు ఎన్నో లేచాయి. ఒక పసుపు కుప్పకు ఔను, కాదు అనడానికి ఒక్క చెయ్యి లేవలేదు.

చూసుకున్నాను. కుప్ప నా పేరు మీద తూకం వేయించి, లారీ నేనే మాట్లాడాను. ఇదేదో ధైర్యం అనుకోవద్దు. తేడా వస్తే హైదరాబాద్‌కు జవాబు చెప్పాలి, అది ఎప్పుడో, ఎవరికో. కాదంటే కాకాకు చెప్పాలి. కాకా అక్కడే ఉన్నాడు, రోకలంత చేతులతో, సద్దిమూట విప్పుకుంటూ. పిరికివాడికి దగ్గరున్నవాడంటేనే ఎక్కువ భయం.

గోనెసంచులు నిండుతున్నంతసేపూ బావ అక్కడే నిలబడ్డాడు. అది ఇప్పుడు అతని పని కాదు. ఎవరూ ఆ మాట అనలేదు. ఆఖరి సంచి కుట్టాక చెప్పులు తొడుక్కుని, "అక్కకు నేను చెప్త. నువ్వు చెప్పకు, నువ్వు చెప్తె నమ్మదు" అన్నాడు.

సాయంత్రానికి పెర్కిట్ అంతా తెలిసింది. నేను పోయేసరికి బావ ఇంటి ముందు పెళ్లికొచ్చినన్ని చెప్పులు. బావ మంచం మీద గోడకానుకుని ఉన్నాడు, చుట్టూ జనం దవాఖానలో ఉన్నవాడిని చూడటానికి వచ్చినట్టు కూర్చున్నారు. ఎవరో సర్వపిండి తెచ్చారు, ఎవరో గుడ్ల పులుసు. మా అమ్మ కూడా గారెలు చేసి పట్టుకొచ్చింది. నాకు ఉద్యోగం వచ్చిన రోజు మా ఇంట్లో పప్పు వండారు. బావకు పోయిన రోజు గారెలు.

నేను అరుగు మీద కూర్చున్నాను. నా చేతికి ఒక గారె కూడా రాలేదు. వచ్చింది బావ తల్లి, మా అత్తమ్మ.

"నువ్వుండంగ నా కొడుకునెట్ల తీసేస్తరురా?" అంది.

"నన్నడిగి తీసేస్తరా అత్తమ్మా?"

"మరి నువ్వెట్ల మిగిలినవ్?"

అందరూ ఆ జవాబు కోసమే చూస్తున్నారు. ఏం చెప్పను? బాగా చేశానని చెబితే బావ చేయనట్టు. ఎవరినో పట్టుకున్నానంటే పట్టుకునేందుకు అక్కడ మనిషే లేడు.

"నాగ్గూడ తెల్వదు అత్తమ్మా" అన్నాను. ఆ రోజు నేను చెప్పిన ప్రతి నిజం అబద్ధంలా వినిపించింది, ఇదైతే మరీ.

"తెల్వదంట" అంది అత్తమ్మ, మా అమ్మ వైపు చూసి. మా అమ్మ కొంగు సర్దుకుంది. మా అమ్మ కూడా నమ్మలేదని ఆ సర్దుకోవడంలో తెలిసింది.

బావ లోపలి నుంచి, "వాన్ని ఇడ్సిపెట్టే అమ్మా. నా బదులు గాడు పోయినా వీళ్లే గారెలు తెద్దురు" అన్నాడు. అది నన్ను ఓదార్చడానికే అన్నాడు. కానీ నాకైతే తీసుకురారని గట్టి నమ్మకం.

కార్డు అడగడానికి నోరు రాలేదు. బావే రిబ్బన్ తీసి చేతిలో పెట్టాడు. "ఇయ్యి, మళ్ల నిన్ను అడుగుతరు. రిబ్బన్ మంచిగుండె, మేకపిల్లకు కట్టాలనుకున్న" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు. గోడవైపు తిరిగి, కడుపు మీద చెయ్యి వేసుకుని, గిన్నెలు సర్దుతున్నట్టుగా అవే గిన్నెలు అటూ ఇటూ పెడుతోంది. ఆ ఇంట్లో నేను చూడలేకపోయింది అదొక్కటే. బయటికొచ్చేశాను.

ఆ కుప్ప గురించి హైదరాబాద్ నుంచి ఎవరూ ఏమీ అనలేదు. తిడతారని కొన్నాళ్లు చూశాను. మంచి సరుకు కొన్నందుకు మెచ్చుకుంటారేమోనని కూడా చూశాను. రెండూ జరగలేదు. ఇద్దరి పనీ నా మీద పడింది. పొద్దున ఊళ్లలో సరుకు చూడటానికి కమ్మర్‌పల్లి బస్సు, మధ్యాహ్నం యార్డు, సాయంత్రం ఫోనులో ఏసీ చప్పుడు. కడుపునొప్పి తగ్గి వచ్చిన బ్రాంచి సారు నన్ను చూసి, "నువ్వు అదృష్టవంతుడివయ్యా" అన్నాడు, తన గది తలుపు వేసుకుంటూ.

బావ కొన్నాళ్లకు యార్డుకు రావడం మొదలుపెట్టాడు. పనేం లేదు. ఇంట్లో ఉంటే అత్తమ్మ ఏడుస్తోందని వచ్చేవాడు. అడ్తి దుకాణం ముందు గోనెసంచుల మీద కూర్చునేవాడు. ఆ దుకాణం సేటు, మనసుంటే తన దగ్గర పనికి కూర్చోమన్నాడట, బావ చూద్దాం అన్నాడట. అతని చేతిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఇప్పించిన టీ ఉండేది. నాకు ఎవరూ టీ ఇప్పించేవారు కాదు, కంపెనీవాడికి టీకి కొదవా అని.

ఒకరోజు ఎండ మండిపోతుండగా ఒక కుప్ప దగ్గర నిలబడి ధర చెప్పాను. రైతు నా రిబ్బన్ చూశాడు, కార్డు చూశాడు, నా మొహం చూశాడు.

"జర ఆగు సారూ. మీ బావను అడిగొస్త" అన్నాడు.

అక్కడే నిలబడ్డాను. ఉద్యోగం నాది, ధర నాది, కంపెనీ నాది. రైతు పోయి సంచుల మీద కూర్చున్న ఉద్యోగం లేని మనిషిని అడిగాడు. బావ టీ గుటక వేసి, దూరం నుంచే కుప్ప వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.

"ఇయ్యి కాకా. పోరని నోరు ఖరాబు గని తూకం ఖరాబు కాదు" అన్నాడు, నాకు వినపడేలా.

రైతు వచ్చి నా చేతిలో చెయ్యి వేశాడు. కంపెనీలో చేరినప్పటి నుంచి నా పని గురించి ఎవరైనా ఏమైనా అనడం అదే మొదలు. అది కూడా బావ నోటి నుంచే రావాలా అనిపించింది.

మధ్యాహ్నమైంది. లారీ రాలేదు. ఇప్పుడు లారీ పంపాలన్నా హైదరాబాద్‌లో ఎవరో సరే అనాలట, ఆ ఎవరో అన్నానికి పోయాడట. యార్డులో నీడ ఉన్న జాగాలన్నీ నిండిపోయాయి. బావ లేచి, లుంగీ దులుపుకుని, బండి తీశాడు. ఇంటికి పోయి తిని పడుకుంటాడు. ఎలా పడుకుంటాడో నాకు తెలుసు.

బండి నా దగ్గర ఆపాడు. "ఎండల ఏం జేస్తవ్‌రా? రా, తిని వద్దువు."

"ఉద్యోగం ఉంది బావా" అన్నాను.

"అయ్యో" అన్నాడు బావ, నిజంగానే జాలిపడి, బండి స్టార్టు చేశాడు.